తలుపు లేని ఇంటికి అంటించిన నోటీసు

"అక్కా, నాయన పోయినాడు" అని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో మా మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయాడట. డాక్టరును పిలిచే సందు కూడా ఇవ్వలేదట.

పోయింది మా చిన్నాయన, మా నాయనకు తోడబుట్టిన తమ్ముడు. ఫోన్ చేసింది ఆయన కొడుకు. ఐరాల వైపు మా సొంత ఊరు. బస్సు దిగి ఇల్లు చేరేసరికి జనం వచ్చేసి ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా పోయాడు, ఇది ఏడవాల్సిన చావు కాదు అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నేను మాత్రం బాగా ఏడ్చాను. ఆ ఏడుపులో సగం కోపమని నాకు తెలుసు. ఆ కోపం ఎవరి మీదో చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాదు. అందులో కొంత నా మీదే కాబట్టి మొహమాటం కూడా అక్కర్లేదు.

చిన్నాయన కోర్టు అమీనాగా పనిచేశాడు. కోర్టు పంపే సమన్లు, నోటీసులు ఊరూరా తీసుకెళ్లి, ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల చేతికిచ్చి సంతకమో వేలిముద్రో తీసుకురావడం అమీనా పని. ఇంట్లో మనిషి దొరక్కపోతే, చుట్టుపక్కల విచారించి, ఇద్దరు సాక్షుల ఎదుట తలుపుకు అంటించి, అంటించానని కాగితం వెనక రాయాలి. అందుకని ఆయన సంచిలో ఎప్పుడూ ఒక గాజు సీసా ఉండేది. అందులో మా చిన్నమ్మ కాచి ఇచ్చిన మైదా జిగురు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. ఆ నీలిరంగు జిగురు వాసన ఆయన చొక్కాలకు పట్టేసి ఉండేది. చిన్నప్పుడు మేము ఆయన ఒళ్లో కూర్చుని ముక్కు మూసుకునేవాళ్లం.

ఆయనకు కొన్ని పద్ధతులు ఉండేవి. ఎవరింటికి నోటీసు పట్టుకుపోయినా ముందు మంచినీళ్లు అడిగేవాడు. తాగి, గ్లాసు తిరిగి ఇచ్చిన తర్వాతే సంచి విప్పేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"నోటీసు చేతిలో పెట్టినాక ఎవురూ నీళ్లియ్యరు పాపా. అందుకని ముందే అడిగేస్తా" అన్నాడు.

చదువు రానివాళ్లకు నోటీసు చదివి, విషయం ఏమిటో, ఏ రోజు కోర్టుకు రావాలో నెమ్మదిగా చెప్పేవాడు. అది ఆయన పని కాదు. నీకెందుకయ్యా అని కోర్టులో విసుక్కునేవాళ్లు కూడా. ఆయన వినేవాడు కాదు. కాగితం చేరడం వేరు, కబురు చేరడం వేరు అనేది ఆయన లెక్క. సంతకం తీసుకుని వచ్చేస్తే మొదటిది మాత్రమే అయినట్టు అనేవాడు.

నేను డిగ్రీ చదివి పరీక్ష రాసి ప్రభుత్వ న్యాయ విభాగంలో ఉద్యోగం తెచ్చుకున్న రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మురిసిపోయినవాడు ఆయన. కోర్టులో బంట్రోతు దగ్గర్నుంచి అందరికీ మైసూరుపాకు పంచాడట. "మా పాప కాగితం పుట్టే తావులో ఉండాది, నేను అది చేరే తావులో ఉండా. నడిమధ్య ఎవురూ తప్పు సేసేదానికి లేదు ఇంక" అని చెప్పుకున్నాడట. ఆ ఆఫీసు ఏదో, ఏ ఊర్లో ఉందో నేను రాయను. నా తోటివాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు. అయినా అలాంటి ఆఫీసులు అన్ని చోట్లా ఒకే తీరుగా ఉంటాయి.

సెలవుకు ఊరికి వెళ్లినప్పుడల్లా ఆయనకూ నాకూ వాదన. ఎన్నికల కాలమైతే మరీను. ఓటు హక్కు తీసేస్తే మీ ఇలాకా ఏం చేస్తుంది అనేది ఆయనకు ఇష్టమైన ప్రశ్న. నేను కొత్త ఉద్యోగం ఊపులో చట్టమంతా అప్పచెప్పేదాన్ని. జాబితాలోంచి పేరు తీయాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, ఆ మనిషి చెప్పేది వినాలి, వినకుండా తీస్తే అప్పీలు ఉంది, పనికోసం నాలుగు నెలలు బయటకు పోయినంత మాత్రాన సొంత ఊర్లో నివాసం పోదు, ఇవన్నీ రాసి ఉన్నాయి చిన్నాయనా అని చెప్పేదాన్ని.

"రాసుండేది నాకు సెప్పొద్దు మే. నా బతుకంతా రాసుండేదాన్ని మోసిందే. ఆ నోటీసు ఆ మనిషికి చేరిందా లేదా, మీలో ఎవురైనా పోయి సూసినారా, అది సెప్పు."

"మేము వెళ్లి చూడం చిన్నాయనా. రిపోర్టు వస్తుంది."

"ఆ రిపోర్టు రాసేది ఎవురు?"

"అక్కడి వాళ్లే."

"అట్లయితే మీరు కాపాడేది ఓటును కాదు, రిపోర్టును" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. పెద్దాయన ఏదో అంటాడులే అని సర్దుకునేదాన్ని.

ఆ మాట నా నెత్తిన పడ్డ సంవత్సరం గురించి చెప్పాలి.

మా వైపు చెరకు ఎక్కువ. కార్తీకం నుంచి ఉగాది దాకా పొలాల్లో బెల్లం గానుగలు ఆడుతుంటాయి. మా ఊరి కాలనీలో చాలా కుటుంబాలు ఆ నాలుగైదు నెలలూ గానుగ దగ్గరే కొట్టం వేసుకుని ఉంటాయి. రసం కాగేటప్పుడు పెనం దగ్గర మనిషి ఉండాలి, పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తూ ఉండాలి, ఇంటికి పోయి వచ్చే తీరిక ఉండదు. గానుగ ఇంటికి రెండు మైళ్లు, మహా అయితే మూడు. మా ఊళ్లో చిన్నపిల్లనడిగినా ఎవరు ఏ గానుగలో ఉన్నారో చెబుతుంది. దీన్ని వలస అని మా ఊళ్లో ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి. సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. కాలనీ వాళ్లంతా కూర్చుని మునెమ్మను నిలబెట్టాలని అనుకున్నారు. మునెమ్మ గానుగలో పొయ్యి వేసే మనిషి. ఏడో తరగతి దాకా చదువుకుంది, నోరున్న మనిషి. కాలనీకి మంచినీళ్ల ట్యాంకు కట్టించాలని మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. ఊరి పెద్దమనుషులకు వేరే అభ్యర్థి ఉంది, తమ పొలంలో పనిచేసే మనిషి భార్య, వాళ్లు చెప్పిన చోట సంతకం పెట్టేది. ఇంతలో కొత్త ఓటర్ల జాబితా వచ్చింది. చూస్తే అందులో గానుగ కుటుంబాల పేర్లు నలభైకి పైగా లేవు. మునెమ్మ పేరూ లేదు. జాబితాలో పేరు లేని మనిషి ఓటు వేయడానికి లేదు సరికదా, నామినేషన్ వేయడానికీ లేదు.

చిన్నాయన అప్పటికి రిటైరై చాలా ఏళ్లయింది. మునెమ్మ నేరుగా ఆయన దగ్గరికి వచ్చిందట. ఆయన మొదట చేసిన పని ఆఫీసుకు పోవడం కాదు. కాలనీకి పోయి ఇంటింటి తలుపూ చూశాడు. వేలితో తడిమి చూశాడు. తలుపుకు కాగితం అంటిస్తే, కాగితం చినిగిపోయినా జిగురు చార ఉండిపోతుంది, ఎండాకాలం వానాకాలం పోయినా కనిపిస్తుంది. మా కుటుంబంలో అందరికీ ఆ సంగతి తెలుసు, మా ఇంటి తలుపు మీద ఆయన జిగురు పరీక్షించిన చారలు ఇప్పటికీ ఉన్నాయి. కాలనీలో ఒక్క తలుపు మీద కూడా చార లేదు.

తర్వాత సమాచార హక్కు కింద అడిగి కాగితాలు తెప్పించాడు. పేర్లు తీసేయమని వచ్చిన ఫారాలన్నీ ఒకే చేతిరాత. నోటీసులన్నిటి వెనకా ఒకే రోజు, ఒకే మాట: "ఇంటికి తాళము వేసి ఉన్నందున తలుపునకు అంటించడమైనది." అన్నిటికీ అదే ఇద్దరు సాక్షులు.

ఆయన కూర్చుని మూడు పేజీల అర్జీ రాశాడు. రాసి మా ఆఫీసుకు పంపాడు. ఓటు హక్కుకు రక్షణ కోరుతూ వచ్చే అర్జీలు చూసే సెక్షన్ మాదే. కవరు విప్పగానే గుండ్రటి అక్షరాలు చూసి ఎవరిదో గుర్తుపట్టాను. చదివాను. ప్రతి మాటా నిజమని నాకు తెలుసు, అది మా ఊరు, ఆ గానుగల్లో నేను చిన్నప్పుడు వేడి బెల్లం తిన్నదాన్ని. చదివి, అన్ని అర్జీలకూ రాసినట్టే దానికీ జవాబు రాశాను: "మీ అర్జీలో పేర్కొన్న విషయము ఈ కార్యాలయ పరిధిలోనిది కానందున, తగు చర్య నిమిత్తము సంబంధిత అధికారికి పంపడమైనది."

ఆ సంబంధిత అధికారి అంటే, పేర్లు తీసేసిన ఆఫీసు అధికారే.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. "పాపా, నీ కాగితం చేరింది. పోస్టుమాను చేతికే ఇచ్చినాడు, సంతకం పెట్టినా" అన్నాడు.

"చిన్నాయనా, నాకు వేరే దారి లేదు. రూలు అంతే."

"నిన్ను తప్పు పట్టలేదులే మే. ఒక మాట అడగతా. ఇంట్లో దొంగతనమైందని పోలీసోళ్లకు రాసిస్తే, ఆ కాగితాన్ని విచారించమని దొంగింటికే పంపిస్తారా?"

 ఆయన అంతకుమించి పొడిగించలేదు, పిల్లలెట్లా ఉన్నారని అడిగి ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాత ఆయన ప్రతి సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, చిత్తూరుకు బస్సెక్కి పోయాడు. మునెమ్మను, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని పోయేవాడు. గానుగలో వాళ్ల పని ఇంకొకరు చూసుకునేవాళ్లు. చివరికి విచారణ జరపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. సిగ్గు పడి వెళ్లాను, ధైర్యం ఉండి కాదు.

విచారణకు వచ్చిన అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. ఫైలు ముందు పెట్టుకుని, "పెద్దాయనా, నోటీసులు అంటించినట్టు రిపోర్టు ఉంది. సాక్షుల సంతకాలున్నాయి. ప్రభుత్వ ఉద్యోగి రాసిన మాటను కాదని ఎలా అనమంటారు?" అని అడిగాడు.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. కోర్టులో జడ్జి ముందు నిలబడినట్టు చేతులు ముందుకు కట్టుకున్నాడు.

"అయ్యా, ఈ మునెమ్మ ఇంటికి తలుపే లేదు. గవర్మెంటు ఇల్లు అది, గోడలు లేచినాయి, తలుపులు ఇంకా పెట్టలేదు. తలుపుకు బదులు గోతంపట్ట కట్టుకోనుండారు. తలుపులేని ఇంటికి తాళమెట్ల ఏస్తారు? కాగితం యాడ అంటిస్తారు? గోతంపట్టకు అంటించేవాడు నాకు తెలిసి ఎవుడూ లేడు."

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. అధికారి కూడా నవ్వు ఆపుకున్నాడు. "ఒక ఇంటి విషయంలో పొరపాటు జరిగి ఉండవచ్చు. అంతమాత్రాన అన్నీ అబద్ధమనడం..." అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పిన మాట అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా చిన్నమ్మకు కూడా తెలియదట.

"నేను ముప్పై ఏండ్లు ఈ మాటే రాసినవాణ్ణయ్యా. తాళం ఏసుండాది, తలుపుకు అంటించినా అని. దాంట్లో ఒకటి అబద్ధం. తమిళనాడు అంచున ఒక పల్లె. ఆ పొద్దు వాన. వాగు దాటాల. నేను దాటలేదు. ఈ గట్టున టీ అంగట్లో కూర్చోని రాసేసినా. టీ అంగడాయన, ఇంకొకాయన సాక్షి సంతకం పెట్టినారు. ఆ యమ్మకు మొగుడు లేడు. తన మీద కేసుండేదే ఆ యమ్మకు తెలీదు. ఇల్లు ఏలానికి వచ్చినప్పుడు తెలిసింది. నేను రిటైరైనాక ఎతుక్కుంటా పోతే, ఊరిడిసి పెట్టి మద్రాసు పక్క పోయిందన్నారు. దొరకలేదు. కాబట్టి ఈ మాట యాడ కూర్చోని రాస్తారో నాకు తెలుసయ్యా. ఒకే సిరా, ఒకే పొద్దు, ఒకే సాక్షులు. ఇవి ఊరికి పోయి రాసినవి కాదు."

  నాకు ఆ క్షణంలో ఆయన మీద జాలి కలిగింది, గౌరవం కలిగింది, వెంటనే నా మీద అసహ్యం కలిగింది. ఆయన ఒక్క అబద్ధం రాసి దాన్ని జీవితమంతా మోశాడు. నేను అబద్ధాలు రాయలేదు. సంబంధిత అధికారికి పంపడమైనది అని నిజమే రాశాను, వేలసార్లు రాశాను, ఒక్కటీ మోయలేదు.

ఆ విచారణతో న్యాయం జరిగిందని మీరు అనుకుంటే, నేను కూడా వారం రోజులు అలాగే అనుకున్నాను. ఉత్తర్వు వచ్చింది. మోసం జరిగిందని అందులో ఎక్కడా లేదు. ఎవరి మీదా చర్య లేదు. పేర్లు పోయినవారు ఒక్కొక్కరూ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలని, నివాసానికి రుజువు జతపరచాలని, అభ్యంతరాల గడువు ముగిశాక పరిశీలిస్తామని ఉంది. పేరు తీసేటప్పుడు ఎవరినీ ఏ రుజువూ అడగనివాళ్లు, తిరిగి చేర్చడానికి ప్రతి ఒక్కరి దగ్గరా రుజువులు అడిగారు. ఆ గడువులన్నీ అయ్యేలోపు నామినేషన్లు ముగిశాయి. పెద్దమనుషుల అభ్యర్థి ఏకగ్రీవంగా సర్పంచి అయింది. ఆ తర్వాత కాలనీ వాళ్ల పేర్లు జాబితాలోకి వచ్చాయి. మునెమ్మ పేరు కూడా వచ్చింది, ఎన్నిక అయిపోయి ఓటు వేసే పనే లేని కాలంలో.

నీళ్ల ట్యాంకు ఇప్పటికీ లేదు.

చిన్నాయన అర్జీ మీద చర్య తీసుకున్నామని ఆ అధికారి పంపిన రిపోర్టు ప్రతి నా బల్ల మీదికి వచ్చింది. "అర్జీదారుల పేర్లు జాబితాలో చేర్చబడినవి. సమస్య పరిష్కరించబడినది." నేను కింద సంతకం పెడితే ఫైలు మూతపడుతుంది. మొదటిసారి పెన్ను ఆగింది. నామినేషన్ల గడువు దాటాక పేర్లు చేర్చడం పరిష్కారం కాదని నాలుగు లైన్ల నోటు రాశాను. ఫైలు పైకి పోయి, మార్జిన్‌లో "మాట్లాడండి" అనే ఒక్క మాటతో తిరిగొచ్చింది. వెళ్లి మాట్లాడాను. మా పై అధికారి చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. "మనం చూడాల్సింది పేరు చేరిందా లేదా అని. చేరింది కదమ్మా. ఎన్నిక సంగతి మన పరిధి కాదు" అన్నాడు. ఆ ఫైలు మీద ఇంకొకరు సంతకం పెట్టారు. నేను గొడవ చేయలేదు. రెండేళ్ల తర్వాత శాలువా కప్పించుకుని రిటైరయ్యాను.

ఇంత పెద్ద జాబితాల్లో పొరపాట్లు సహజమని, వ్యవస్థ మొత్తాన్ని అనకూడదని నా పాత స్నేహితురాలొకామె నాతో ఇప్పటికీ వాదిస్తుంది. పొరపాటైతే ఊరంతా తిరగాలి కదా. ఈ పొరపాటు పెద్దమనుషులుండే పెద్దవీధిలో ఒక్క ఇంటి ముందూ ఆగకుండా నేరుగా కాలనీకే ఎలా నడిచి వెళ్లింది? పెద్దవీధిలో తాళాలేసిన ఇళ్లు తక్కువా? బెంగళూరులో ఇరవయ్యేళ్లుగా కాపురముంటున్నవాళ్ల పేర్లు మా ఊరి జాబితాలో భద్రంగా ఉన్నాయి. మూడు మైళ్ల అవతల బెల్లం వండేవాళ్లు మాత్రం వలస పోయారు. ఈ తేడా చూసి కూడా పరిధి కాదనేవాళ్లను నేను రక్షకులని ఎలా అనగలను? మేము ఓట్లు పోయిన మనుషుల్ని చూసుకోలేదు, ఫైళ్లు పెండింగు లేకుండా చూసుకున్నాం.

చిన్నాయన నా అంత కోపిష్టి కాదు. ఎన్నిక అయిపోయిన తర్వాత నేను ఊరికి వెళ్లి, ఆ ఆఫీసే ఎత్తేయాలి చిన్నాయనా అని గట్టిగా అన్నాను. ఆయన వేరుశెనక్కాయలు ఒలుస్తూ తల అడ్డంగా ఊపాడు.

"ఎత్తేస్తే రేపు అర్జీ ఎవురికి పెట్టేది? ఉండనీ. అడగతా ఉండాల. అడిగేవాళ్లు లేకపోతే ఏ ఆఫీసైనా కునుకు తీస్తాది."

"అడిగి ఏమైంది? ట్యాంకు వచ్చిందా?"

"రాలేదు. అయితే పోయినసారి ఎవురికీ తెలీకుండా పేర్లు కొట్టేసినారు. ఇంకోసారి కొట్టాలంటే భయపడతారు. అంతే మే మనం సేసింది. అంతకంటే ఎక్కువ సేసినామని నేను అనను."

ఆయన చేసింది అంతటితో ఆగిపోలేదని నాకు తెలిసింది పెద్దకర్మ రోజున. భోజనాలయ్యాక మునెమ్మ నా దగ్గరకొచ్చి నిలబడింది. జుట్టు నెరిసింది, చేతుల మీద పొయ్యి సెగకు కాలిన మచ్చలు పెరిగాయి.

"అక్కా, ఓటర్ల జాబితా వచ్చిందంట. అమీనా సారు ప్రతి ఏడూ గానుగ గానుగకూ దాన్ని ఎత్తుకోని వచ్చేవాడు. అందరి పేర్లూ సదివి, లేనోళ్లకు ఆడనే ఫారం రాసేవాడు. మోకాళ్లు నొప్పులని మా ఆయన బండి మీద ఎక్కమంటే ఎక్కేవాడు కాదు, నడిసే వచ్చేవాడు. ఈ ఏడు ఎవురు సూస్తారని మావోళ్లు అడగతా ఉండారు" అంది.

తమ్ముడి వైపు చూశాను. వాడికీ తెలియదు. చిన్నాయన ఇంట్లో గట్టు మీద నడకకు పోతున్నానని చెప్పేవాడట.

మర్నాడు పొద్దున పంచాయతీ ఆఫీసులో ముసాయిదా జాబితా ప్రతి తీసుకుని మునెమ్మ పనిచేసే గానుగకు వెళ్లాను. ఇంజను చప్పుడుకు నా మాట నాకే వినిపించలేదు. వాళ్లు ఇంజను ఆపరు, ఆపితే రసం ఆగుతుంది, పెనం మాడుతుంది. ఒక్కొక్కరే నా దగ్గరకొచ్చి చెవి దగ్గర పేరు చెప్పి, ఉందని తెలుసుకుని తిరిగి పనిలోకి పోయారు. చాలా పేర్లు ఉన్నాయి. నాకు కొంచెం ఊపిరి వచ్చింది. చిన్నాయన చెప్పినట్టు భయపడ్డారనే అనుకున్నాను.

మునెమ్మ పేరు దగ్గర నా వేలు ఆగింది. పేరు పక్కన గుర్తు పెట్టి ఉంది: "ఇంటి వద్ద లేరు. తొలగింపునకు ప్రతిపాదన." సర్పంచి ఎన్నికలు మళ్లీ దగ్గర పడుతున్నాయి.

ఆమె నాకు నాలుగడుగుల దూరంలో, పొయ్యి మూతి దగ్గర వంగి పిప్పి ఎగదోస్తోంది. నా మొహం చూసి నడుం ఎత్తింది.

"ఏమని రాసుండారుక్కా?"

నాకు చెప్పబుద్ధి కాలేదు. అయినా చదివాను.  ఆమె చెమట తుడుచుకుని, నా చేతిలో కాగితం వైపు చూసింది.

"ఈడే ఉండాను కదా" అంది.

పెనం దగ్గర కలుపుతున్నాయన మంట తగ్గిందని కేకేశాడు. ఆమె వంగి మళ్లీ పిప్పి తోసింది. నేను చెరకు మోపు మీద కూర్చుని, మోకాళ్ల మీద అభ్యంతరం ఫారం పెట్టుకుని నింపడం మొదలుపెట్టాను. సదరు వ్యక్తి ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు అనే గడి వచ్చింది. ముప్పై ఏళ్లు ఆఫీసు భాష రాసిన చేయి ఒక్క క్షణం ఏదో పెద్దమాట కోసం వెతికింది. వద్దనుకున్నాను.

"నా ఎదురుగా" అని రాశాను. పొయ్యిలోంచి లేచిన బూడిద ఆ తడి అక్షరాల మీద వచ్చి వాలింది.